కొండ మీది టెంటు

తమ్ముడు షాలోమ్‌కి,

ప్రభువు నిన్ను కాపాడును గాక. గాలివానకు డిగ్లీపూర్‌లో ఫోన్లు పనిచేయడం లేదు. అందుకే ఈ ఉత్తరం పోర్ట్ బ్లెయిర్ బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. శనివారం నీ స్నేహితులతో శాడిల్ పీక్ ఎక్కడానికి రావద్దు.

మీరు టెంటు వేసుకునే చోటు చూసొస్తానని మీ బావ నిన్న కొండెక్కారు. అక్కడ అప్పటికే ఎవరిదో టెంటు ఉందట. గిన్నెలో అన్నం ఇంకా వేడిగానే ఉందట. బూట్లన్నీ బయటే ఉన్నాయట. ఎంత పిలిచినా ఎవరూ పలకలేదట.

"మీ తమ్ముణ్ణి రానీకు, సమ్‌ఝీ?" అని చెప్పి, పొద్దున్నే ఫారెస్టు వాళ్లతో వెతకడానికి వెళ్లారు.

వాళ్లు ఇందాకే దిగొచ్చారు. "భయ్యా మాకంటే ముందే వచ్చేశాడు కదా, దీదీ?" అని నన్నే అడిగారు.

ఆయన ఇంకా ఇంటికి రాలేదు. వాళ్లేమో రేపటిదాకా మళ్లీ కొండెక్కరట.

అమ్మకు చెప్పకు. ప్రార్థన చెయ్యి.

మీ అక్క