తప్పు చూపించిన బండి మీటరు

ఏమండీ,

బండి మెకానిక్ ఈరయ్య మామ షెడ్డులో ఉంది. సాయంత్రం వెళ్లి తెచ్చుకోండి. ముందు చక్రంలో మీటరు గేరు మార్చి పెడతానన్నాడు. పోయినేడు బండి పడ్డాక మీరు పాత సామాన్ల దుకాణంలో కొని వేయించిన గేరు వేరే బండిదట. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లతో సరిచూశాం. ఒక రాయి నుంచి ఇంకో రాయికి మీటరు ఒకటిన్నర చూపించింది. "బండి సక్కగనే ఉంది బిడ్డా, మీటరే ఝూట్ చెప్తాంది," అన్నాడు మామ.

ఏడాదిగా నేను పాఠాలు చెప్పి ఇంటికి రాగానే మీరు రోజూ మీటరు చూసి, "చిమ్కోడ్ బడికి పోయొస్తే గింత తిరుగుతదా? నడుమ ఎవల్ని కలిసినవ్?" అని అడిగారు. ఎవరినీ కలవలేదని చెప్పీ చెప్పీ చివరికి నాకే అనుమానం పట్టుకుంది. దారిలో ఎక్కడైనా ఆగి మరిచిపోయానేమోనని తల బద్దలు కొట్టుకునేదాన్ని.

గేరు మారితే మీ అనుమానం పోతుంది. అప్పుడూ మీరు నమ్మేది మీటరునే. అందుకే ధన్నూరకు, మహాదేవి అక్క దగ్గరికి బస్సులో వెళ్తున్నాను.

ప్రణీత

పప్పు వేడి చేసుకోండి. మీ పరువు పోకూడదని అక్కతో బడికి సెలవులని చెప్పాను. మన పెళ్లయ్యాక నేను ఆడిన మొదటి అబద్ధం అదే.