జిగురు రుచి

ప్రియమైన అక్కా,

క్షేమంగా చేరాను. పెట్టె కూడా నాతోపాటే చేరింది, కాబట్టి నువ్వు గంటసేపు చెప్పిన జాగ్రత్తల్లో సగం వృథా.

ఈ ఇంటావిడ సిటీ బస్సు నడుపుతుంది. నేను మనసులో బస్సమ్మ అని పేరు పెట్టుకున్నాను. మాట తక్కువ మనిషి. తెల్లారకముందే డ్యూటీకి పోతూ నా రొట్టె మీద మూతపెట్టి వెళ్తుంది. నేను పడుకునేది వాళ్ళమ్మాయి మంచం మీదే. పక్క గోడ నిండా ఆ అమ్మాయి ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు. మన ఇంట్లో నా మంచం మీద ఇప్పుడు ఆమె పడుకుంటుందని తలుచుకుంటే అదోలా ఉంది.

ఈ దేశపు పుస్తకాల బైండింగు స్కూలు చూస్తే నువ్వు నోరు తెరుస్తావు. జిగురు డబ్బాల్లో వస్తుందట, ఉడకబెట్టే పనే లేదు! మొదటిరోజే షరతులు చదివి వినిపించారు. ఏడాదిపాటు ఈ ఇంటమ్మాయి అక్కడ మన బైండింగు షాపులో, నేను ఇక్కడ. జోడీలో ఒకరు మధ్యలో మానేస్తే రెండోవారూ ఇంటికి వెళ్ళిపోవాల్సిందే.

అందుకని ఆ పిల్ల దగ్గర నీ నోటి దురుసు కాస్త దాచుకో.

నీ
పిచ్చుక

*

నా పిచ్చుకకి,

నోటి దురుసు దాచుకోమని నాకే చెబుతావా? గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టుంది.

ఆ పిల్ల దిగింది. మన భాష పుస్తకంలో నేర్చుకున్నట్టు మాట్లాడుతుంది, ఒక్కో మాటా తూకం వేసి. వచ్చిన మూడో రోజు ఏం చేసిందో విను. పొద్దున మైదా జిగురు ఉడకబెట్టి, నాన్న నేర్పిన పద్ధతిలో చిటికెడు నాలిక మీద వేసుకుని చూశాను, పచ్చివాసన పోయిందో లేదో అని. ఆమె గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను జిగురుకి పురుగు పట్టకుండా కలిపే విషం, అదే మైలతుత్తం పొట్లం కోసం లోపలికి వెళ్ళి వచ్చేసరికి గిన్నె ముందు కూర్చుని చెంచాతో తింటోంది. టిఫిను అనుకుందట! మర్యాదకి బాగుందని కూడా అంది. ఆ తుత్తం వేశాక అయ్యుంటే నేనివాళ జైల్లో ఉండేదాన్ని.

విషయం చెప్పేసరికి ఆమె మొహం ఎర్రబడిపోయింది. షాపులో కుర్రాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత మనిషి మూగబోయింది. పొద్దునపూట కళ్ళు ఉబ్బి ఉంటాయి. అడిగితే జలుబంటుంది. పని మాత్రం వచ్చు, కుట్టు నీకంటే నయం.

వేళకి తిను.

అక్క

*

ప్రియమైన అక్కా,

నవ్వకు. ఎవరికీ చెప్పకు.

పోయిన మంగళవారం క్లాసులో జిగురు డబ్బా మూత తీశాను. ఆలోచించలేదు. పదేళ్ళ వయసునుంచి చేస్తున్న పని కదా, వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. నిప్పు ముట్టుకున్నట్టయింది. మేడమ్ కేక వేసింది, అంబులెన్సు వచ్చింది, గొంతులో గొట్టం వేశారు. బస్సమ్మ డ్యూటీ మధ్యలో యూనిఫారంతోనే పరిగెత్తుకొచ్చింది. నాలుగు రోజులు నాలిక వాచి మాట రాలేదు. మాట వచ్చాక అసలు కారణం చెప్పలేకపోయాను. మా అక్క జిగురు తింటుందని ఎలా చెప్పను? ఇప్పుడు నా డబ్బా మీద ఎవరో చీటీ అంటించారు, తినకూడదు అని. అందరూ నవ్వుతారు. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర నేనూ నవ్వుతాను, వచ్చినప్పట్నుంచీ అంతే. తర్వాత స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడుస్తాను.

నాకిక్కడ వద్దక్కా. మధ్యలో మానేసేందుకు ఫారం తెచ్చుకున్నాను, ఇందులో పెట్టాను. ఇంటి పెద్దగా నువ్వు సంతకం పెట్టి పంపితే చాలు. మన షాపులో మైదా వాసన మధ్య నేను బతికేస్తాను.

పిచ్చుక

*

పిచ్చుకా,

ఫారం అందింది. నా దగ్గరే ఉంది.

ఇక్కడ ఆ పిల్ల హాయిగా ఉంది. మొన్ననే తన మొదటి పుస్తకానికి అట్ట వేసింది. నేను సంతకం పెట్టానంటే పాపం ఆమె కూడా పెట్టె సర్దుకోవాలి. కొన్నాళ్ళు ఓర్చుకో. ప్రెస్సు కింద పెట్టిన పుస్తకాన్ని తడి ఆరకముందే తీస్తే అట్ట వంకరపోతుందని నీకు నేను చెప్పాలా?

నాలికకి వెన్న రాసుకో.

అక్క

*

అక్కకి,

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. నిజమేనన్నమాట. గొట్టం వేయించుకున్నది నీ చెల్లెలు, పాపం మాత్రం ఆ పిల్లా?

వెన్న రాసుకున్నాను. ఇక ఏమీ అడగను.

*

ప్రియమైన అక్కా,

తొమ్మిది నెలలు నీకు ఉత్తరం రాయలేదు. నువ్వు నెలనెలా రాసినవన్నీ చదివాను, దాచుకున్నాను. జవాబు మాత్రం కోపంతో రాయలేదు. తర్వాత సిగ్గుతో రాయలేదు.

ఆ చీటీ నేనే పీకేశాను. ఒకరోజు వంటింట్లో మైదా ఉడకబెట్టి క్లాసుకి పట్టుకెళ్ళి, అందరి ముందూ రుచి చూసి, మా నాన్న ఇలా నేర్పాడని చెప్పాను. మేడమ్ తనూ ఒక చుక్క నాలిక మీద వేసుకుంది. పాత పుస్తకాలు బాగుచేయడానికి డబ్బా జిగురు కంటే ఇదే మంచిదట. ఇప్పుడు వారానికొకసారి క్లాసంతటికీ నేనే వండుతున్నాను.

ఏడాది అయిపోవస్తోంది, వచ్చే నెల మొదటి శనివారం ఇంటికి వస్తున్నాను. ఇప్పట్నుంచే పెట్టె సర్దుతుంటే నిన్న బస్సమ్మ వచ్చి మంచం మీద కూర్చుంది. వాళ్ళమ్మాయి మొదటి నెలలోనే ఇలాంటి ఫారమే పంపిందట, ఏడుస్తూ. "నువ్వు బల్ల దగ్గర అంత నవ్వుతుంటే నిన్నెలా పంపెయ్యను? అందుకే నా కూతురికి సంతకం పెట్టలేదు" అంది. ఆవిడకి కుళాయి చప్పుడే వినపడింది, నా ఏడుపు కాదు.

మరి ఆ పిల్ల హాయిగా ఉందని నువ్వెందుకు రాశావక్కా? నిజం చెప్పు. నువ్వు అంత రాతిగుండెదానివా?

నీ
పిచ్చుక

*

నా బంగారు పిచ్చుకకి,

రాతిగుండె అయితే ఇన్నాళ్ళు ఇంత బాధ ఉండేది కాదు. నీ ఫారం వచ్చిన పూటే సంతకం పెట్టాను. గొట్టం వేశారని చదివాక ఇంకో ఆలోచన లేదు. కవరు అంటించి, చెప్పులేసుకుని, పోస్టాఫీసుకి బయల్దేరాను.

గుమ్మంలో ఆ పిల్ల ఎదురైంది. కవరు మీద స్కూలు అడ్రసు చూసి మానేసే ఫారమని గుర్తుపట్టింది. వాళ్ళమ్మ సంతకం పెట్టకుండా తిప్పి పంపిన తన ఫారం నీ పరుపు కిందే ఉందట. ఇది పోస్టులో పడితే తనూ ఇంటికి పోవచ్చు. ఆ మొహంలో ఆశ నేను చూశాను. నువ్వెందుకు వచ్చేస్తున్నావని అడిగింది. ఏం చేయను, జిగురు నాకి ఆసుపత్రి పాలైందని చెప్పాను.

 ఆ పిల్ల నవ్వడం మొదలుపెట్టింది. ఈ ఇంట్లో అడుగుపెట్టాక అదే మొదటిసారి నవ్వడం, కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా. "ఆమె కూడా తిన్నదా? అయితే నేను ఒక్కదాన్నే కాదు" అంది.

నా చేతిలో కవరు తీసుకెళ్ళి, అప్పుడే అట్ట వేసిన పుస్తకం కింద పెట్టి, ప్రెస్సు చక్రం బిగించింది. ఈ పుస్తకం ఆరేదాకా చూద్దామంది. మూడు రోజులకి అది ఆరింది. ఇంకో పుస్తకం కింద పెట్టింది. అప్పట్నుంచి ఏ పుస్తకం చేసినా కింద ఆ కవరే. నీకు నిజం రాస్తే, అక్కడ నువ్వూ ఇక్కడ తనూ ఏడుస్తుంటే ఎవరి కోసమని మర్నాడే విమానమెక్కేదానివి. అందుకే హాయిగా ఉందని రాశాను. అప్పటికి అది అబద్ధం. ఆ తర్వాత నెలకో రెండు నెలలకో నిజమైంది. ఏ రోజునుంచో నాకే తెలియదు. నిన్ను ఆపింది నేను కాదే తల్లీ, నీ మంచం మీద పడుకున్న పిల్ల.

నువ్వు వచ్చే ముందు గురువారమే ఆ పిల్ల వెళ్ళిపోతుంది. నువ్వు శనివారం దిగుతావు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే. నాకు చాలా బాధగా ఉంది, దాచుకోను. నీ కోసం ఒక తెల్లకాగితాల పుస్తకం కుట్టింది. అది ఇప్పుడు ప్రెస్సు కింద ఉంది, దాని కింద కవరు. చక్రం నన్ను ముట్టుకోవద్దంది, నువ్వే తిప్పి తీసుకోవాలట.

ఇంకో మాట కూడా చెప్పమంది. జిగురులో తుత్తం వేసిందట, రుచి చూడొద్దంది.

నీ
అక్క