నీ చెయ్యి బండ మీద కనిపించింది

తాతకు వందనాలు.

నువ్వు ప్రభువునందు నిద్రించి నేటికి ఏడాది. "మా నాన్నది నానక్‌రామ్‌గూడ" అని ఎప్పుడో అన్నావు కదా, ఆ ఒక్క మాట పట్టుకుని ఇవాళ వెళ్ళాను. హైటెక్ సిటీ కొత్త మేడ వెలిశాక ఇటువైపంతా రోడ్లు వేస్తున్నారు. ఏనుగులంతేసి బండల్ని పగలగొడుతున్నారు.

అక్కడ రాళ్ళు కొట్టే ముసలమ్మ మల్లమ్మ నీకు చిన్నాన్న కూతురట.

"మా పెదనాయన గూడ రాళ్ళే కొట్టెటోడు బిడ్డా. సువార్త ఇన్నడు, సుత్తె ఈడ్నే వెట్టి మెదక్ దిక్కు వొయిండు," అంది మీ నాన్న గురించి. అంటూనే ఎదుటి బండను వేళ్ళ కణుపులతో తట్టి, తల వంచి ఆగింది.

మన ఊళ్ళో పాస్టరుగా ఉన్నన్నాళ్ళూ, ప్రసంగానికి ముందు నువ్వు బల్లను అచ్చం అలాగే తట్టి, తల వంచి ఆగేవాడివి. దేవుడి మాట కోసం ఆగావనుకుని గుడంతా ఊపిరి బిగబట్టేది.

"ఎందుకట్ల తడుతున్నవ్ అవ్వా?"

"రాయి ఏమంటదో ఇనాలె బిడ్డా. ఇనకుండ కొడితే అడ్డదిడ్డం పగుల్తది."

నీ బల్ల చెక్కది తాతా, దాన్ని పగలగొట్టేదేముంది? నోరు తెరిచే ముందు నువ్వు విన్నది మమ్మల్నే.

నీ మనవరాలు