ఇంటర్వ్యూలో నీ ప్రశ్నే అడిగారు, నాన్నా

నాన్నా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. ఈరోజే ఢిల్లీ కాలేజీలో నాకు సీటొచ్చింది!

ఇంటర్వ్యూ కోసం కోచింగ్ సార్ అందరిచేతా ఒకే జవాబులు బట్టీ పట్టించారు. నేను పట్టలేదు. నాకు నీ కోచింగ్ ఉంది కదా! ఫ్యాక్టరీ షిఫ్టు నుంచి వచ్చి బూట్లు విప్పుతూ, "ఇయ్యాల ఏటి సదివేవు?" అనేవాడివి. నేను ఇక్కడి బళ్లో చెప్పినట్టే హిందీలో మొదలుపెడితే ఒప్పుకునేవాడివి కాదు. "తెలుగులో సెప్పమ్మా. నాకర్థమైతేనే నీకొచ్చినట్టు." అంతా విని, చివర్లో "అయితే ఏటి?" అనేవాడివి. ఎంత ఒళ్లు మండేదో!

ఇంటర్వ్యూలో, ఎండకి ఇనుము సాగుతుంది కాబట్టి వంతెనల్లో సందు వదులుతారని వివరించాను. మేడమ్ కళ్లజోడు తీసి, "అయితే ఏమిటి?" అని ఇంగ్లీషులో అడిగారు. నాకు నవ్వాగలేదు. "సందు వదలకపోతే మా ఊరి సువర్ణరేఖ నది మీద వంతెన వంగిపోతుంది, మా నాన్న షిఫ్టు బస్సు ఆగిపోతుంది" అన్నాను. మేడమ్ కూడా నవ్వేశారు.

ఇందాక సీటు సంగతి అమ్మకి చెప్పాను. అమ్మ వెళ్లి నీ కుర్చీలో కూర్చుంది. కళ్లు తుడుచుకుని, "అయితే ఏటి?" అంది.

మొదటి నుంచీ చెప్పాను నాన్నా. తెలుగులోనే.