పెర్పెతువ తండ్రి

రాజోలు,
8-3-1983.

ప్రియమైన అమ్మాయి పెర్పెతువకు నాన్న దీవించి వ్రాస్తున్నది. ప్రభువు దయవల్ల అమ్మా, తమ్ముడూ, నేనూ కులాసా. కాకినాడలో నీ ఒంట్లో ఎలా ఉందో రాయి.

నువ్వడిగిన సంగతులు. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. తపస్సుకాలం శుక్రవారాలు సిలువమార్గానికి నడిచే వెళుతోంది. గాలికి పడిన వంటపాక మళ్ళీ నేయించాము. నేను బాపిరాజుగారి కొబ్బరి డిపోలోనే లెక్కలు రాస్తున్నాను. పెద్ద బడి ఎరగనివాణ్ణి, నా దస్తూరీ చూసి నవ్వొస్తే నవ్వుకో.

నీ గదిలో అమ్మాయి, "ఈ రోజుల్లో దేవుడి కోసం ప్రాణాలిచ్చేదెవరే? కాగితం మీద మతం ఏది రాస్తే ఏమిటి?" అందని రాశావు. బాపిరాజుగారిదీ అదే మాట.

"ఏమయ్యా అంతోనీ, మీవాళ్ళని మేతేయడానికి ఇప్పుడు సింహాలెక్కడున్నాయి? ఉన్నది ఒక్క సంతకమే కదా!"

"సింహమైతే ఎదురుగా కనపడుద్దండి," అన్నాను. ఆయన పడీ పడీ నవ్వేరు.

నిన్న నీ పేరుగల పునీతురాలి పండుగ. పూజ అయ్యాక ఉపదేశిగారు ఆమె కథ మళ్ళీ చెప్పారు. చంటిబిడ్డ తల్లి. చెరసాలకు ఆమె తండ్రి వచ్చి, చేతులు ముద్దు పెట్టుకుని, నెరిసిన జుట్టు చూపించి, క్రైస్తవురాలిని కానని ఒక్క మాట అనమని ఏడ్చాడు. ఆమె అనలేదు. మృగాలకు వేశారు; వేదసాక్షిగా మరణించింది. నువ్వు పుట్టినప్పుడు ఆ ధైర్యం నచ్చే నీకు ఆ పేరు పెట్టాను. అయినా బడిలో కనకదుర్గ అని, హిందువని రాయించాను. మన పేటలో అందరికీ జ్ఞానస్నానమప్పటి గుడి పేరొకటి, బడి పేరొకటి. క్రీస్తును నమ్మినవాళ్ళకు ఎస్.సి. కోటా లేదు కనుక అలా అలవాటైపోయింది. నీ టీచరు ఉద్యోగం ఆ కోటాలో వచ్చిందే.

"మన మతం మీద విచారణకు వస్తే నిజమే చెప్పు నాన్నా, ఉద్యోగం పోతే పోనీ" అని రాశావు. నీ ఉత్తరం అందేసరికే విచారణ అయిపోయింది. నీకు చెప్పలేదు. తాలూకా ఆఫీసాయన డిపోకి వచ్చి, "మీరు హిందువులేనాండీ?" అన్నాడు. అవునన్నట్టు తలూపాను. నీ జీతం గుర్తొచ్చి ఊపాను.

నిన్న గుడిలో తలెత్తలేకపోయాను. కథలో ఆ తండ్రి అడిగాడు, కూతురు కాదంది. నేను నిన్ను అడగనైనా అడగలేదు.

ఈ పొద్దున నీ జ్ఞానస్నానం కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను.

"మొన్న తలూపేరు కదండీ?"

"ఆయ్. అబద్ధం ఊపేనండి."

"ఊరుకోండి అంతోనిగారూ! అమ్మాయి ఉద్యోగం పోద్దండి. ఎవరు చూడొచ్చేరు?"

"మేం క్రీస్తు గుడికెళ్ళినంత మాత్రాన మా పేటని ఊరి మధ్యలోకి తెచ్చి పెట్టేరాండి? బావి దగ్గర మాల అంతోనినే, కాగితం దగ్గరే క్రైస్తవుణ్ణి. ఇది న్యాయం కాదని కూడా రాయండి."

"అది రాయడానికి గడి లేదండి."

"అయితే వెనక రాస్తాను, ఇవ్వండి పెన్ను."

విచారణ కాగితం వెనక నా చేత్తోనే రాశాను. ఆయన చదివి, ముద్ర వేశాడు.

ఇక నీ ఉద్యోగం నిలవదు. ఆర్డరు రద్దు కాగితం వచ్చినప్పుడు తల దించకు. ఎవరు చెప్పారని అడిగితే, మా నాన్నే చెప్పాడని చెప్పు.

ఇట్లు,
నీకు ఆ పేరు పెట్టిన నాన్న,
అంతోని.