అద్దంలో సగం తల

జూన్ 3, సోమవారం

కొత్త నిర్ణయం! ఈ రోజు నుంచి నా జబ్బు గురించి ఫోన్‌లో వెతకను. వెతకనంటే వెతకను. వదిన ముందు ఒట్టు కూడా పెట్టాను. వదినంటే మా అన్నయ్య భార్య. సెలూన్ తనది, అందులో రెండో కుర్చీ నాది.

కారణం: నిన్న ఒకావిడకి జుట్టు కత్తిరిస్తుంటే అద్దంలో ఆవిడ తల కుడివైపు సగం మాయం! దాని చోట రంపపు పళ్లలాంటి మెరుపు గీతలు. కనబడిన సగమే కత్తిరించి, "అయిపోయిందండీ, ఎంత బావున్నారో!" అన్నాను. ఆవిడ పెట్టిన కేకకి వదిన చేతిలో డ్రయ్యర్ జారిపడింది. తరవాత నా తలలో సుత్తి దెబ్బలు.

ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే నేను తెల్లారేసరికి ఉండనని తేలింది. తెల్లారింది. ఉన్నాను. అందుకే ఫోన్ బంద్. డాక్టర్ మాటే మాట.

జూన్ 5, బుధవారం

కంటి డాక్టర్. చివరి వరస చీమతలకాయ అక్షరాలు కూడా చదివేశాను. "మీ కళ్లకేం, బంగారంలా ఉన్నాయి" అన్నాడు. సంతోషించాలా, ఏడవాలా?

ఫోన్ ముట్టుకోలేదు. వాన పడుతుందా అని చూశానంతే. అది లెక్కలోకి రాదు.

జూన్ 8, శనివారం

మళ్లీ వచ్చింది. ఈసారి కుడిచేతి వేళ్లు మొద్దుబారి, ఆ తిమ్మిరి పాక్కుంటూ మూతిదాకా ఎక్కింది. వదినని "ఆ కత్తెర ఇలా ఇవ్వు" అనబోయాను. నోట్లోంచి "ఆ శనివారం ఇలా ఇవ్వు" అని వచ్చింది.

"శనివారం ఎలా ఇస్తానే? ఇవాళే కదా రద్దీ! సెలవూ లేదు, గిలవూ లేదు" అంది వదిన.

కుర్చీలో ఉన్నావిడ గ్యాస్ అంది. సోఫాలో ఉన్నావిడ నిద్ర చాలకంది. ఇంకొకావిడ పెళ్లి కాకపోవడం వల్లేనంది. తలకీ పెళ్లికీ ఏమిటండీ సంబంధం అని అడిగేసేదాన్నే. నాకు మాట రాక ఆవిడ బతికిపోయింది.

ఫోన్‌లో ఒకే ఒక్క ముక్క చూశాను. వెతకడం కాదు, అనుమానం తీర్చుకోవడం.

జూన్ 11, మంగళవారం

మా వీధి డాక్టర్ నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు. "టెన్షనమ్మా. టెన్షన్ తగ్గించుకో" అని విసుక్కున్నాడు. ఆ విసుగుకి టెన్షన్ పెరిగింది.

బాత్రూంలో గడియ పెట్టుకుని ఫోన్ తీశాను. ఒట్టు గట్టున పెట్టాను. మెదడులో గడ్డ, మెదడులో పురుగు, మెదడు ఎండిపోవడం. అన్నీ నాకే!

వదిన తలుపు కొట్టింది. "ఏం చేస్తున్నావే లోపల?"

"చచ్చిపోతున్నాను."

"కాస్త త్వరగా కానీ. మీ అన్నయ్య స్నానం చెయ్యాలి."

జూన్ 14, శుక్రవారం, ఆస్పత్రి మంచం మీద

పొద్దున కత్తెర జారిపోయింది. వంగి తీద్దామంటే కుడిచెయ్యి లేవలేదు. కాలూ అంతే. పేరేమిటని నర్సు అడిగితే "కుర్చీ" అన్నాను. నాకు తెలుస్తూనే ఉంది అది నా పేరు కాదని. అసలు పేరే రావడం లేదు. ఎవరో "పక్షవాతం" అన్నారు. ఇక కత్తెర పట్టనన్నమాట అనుకున్నాను.

తలంతా తడిగా ఉన్న మనిషిని అలాగే కుర్చీలో వదిలేసి, వదిన ఏప్రన్‌తోనే నా వెంట వచ్చింది. నా కుడిచెయ్యి పట్టుకుని కూర్చుంది. పట్టుకున్నట్టు కనబడుతోంది కానీ తెలియడం లేదు. అప్పుడు భయం వేసింది. నిజంగా.

సాయంత్రానికి చెయ్యి వచ్చింది, మాటా వచ్చింది. మొదటి మాట: "సెలూన్‌కి తాళం వేశావా?" వదిన భోరుమంది. వెయ్యలేదట.

స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. ఏమీ లేనిది నన్ను ఇలా పడేస్తుందా? నరాల డాక్టర్ దగ్గరికి వెళ్లమన్నారు.

జూన్ 19, బుధవారం

నరాల డాక్టర్ ఆడమనిషి. శనివారం, కుర్చీ, సగం తల, మొత్తం విన్నది. శనివారం దగ్గర నవ్వింది కూడా. తరవాత అడిగింది: "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చేదా?"

"లేదండీ" అన్నాను.

"మామయ్యగారికి?" అంది వదిన మెల్లిగా.

నాన్న బస్సు డ్రైవరు. నేను పుట్టకముందు ఒకరోజు డిపోలో చెయ్యి వేలాడేసి, మాట ముద్దగా నిలబడిపోయాడట. తాగొచ్చాడని ఉద్యోగంలోంచి తీసేశారు. నాన్న చుక్క ముట్టడు. ఆ మాట అమ్మ తప్ప ఎవరూ నమ్మలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"ఇది మైగ్రేనే, కానీ అరుదైన రకం" అంది డాక్టర్. "ఒళ్లు ఒకపక్క పడిపోయి మళ్లీ వస్తుంది. కొన్ని కుటుంబాల్లో నడుస్తుంది. మీ నాన్నగారిని ఒకసారి తీసుకురండి."

హెమిప్లీజిక్ మైగ్రేన్. పేరుంది! నా జబ్బుకి పేరుంది!

జూన్ 21, శుక్రవారం

నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. డాక్టర్ అడిగినవన్నీ చెప్పాడు. మెరుపు గీతలు, వేళ్ల తిమ్మిరి, తరవాత తలపోటు. నావే, నాన్న నోట.

"అన్నేళ్ల కిందటిది కాబట్టి ఒట్టేసి చెప్పలేను. కానీ ఇదే అయి ఉంటుంది" అంది డాక్టర్.

"అయితే ఆ రోజు నేను తాగలేదన్నమాట" అన్నాడు నాన్న.

"అది మీకు తెలుసు కదండీ!" అంది డాక్టర్.

"నాకు తెలుసమ్మా. ఇంకొకరి నోట విందామని."

వదిన ముక్కు చీదిన చప్పుడు గదంతా వినబడింది.

నాకు రోజూ మాత్రలు. కత్తెర పట్టొచ్చట. చెయ్యి పడిపోతే మాత్రం మైగ్రేనేలే అని కూర్చోకుండా ఆస్పత్రికి రావాలట.

జూన్ 22, శనివారం

కొత్త నిర్ణయం! ఈ రోజు నుంచి ఫోన్‌లో జబ్బులు వెతకడం పూర్తిగా బంద్. ఈసారి ఖాయం.

పొద్దుటి నుంచీ నాన్న పాత డిపో వాళ్లకి ఫోన్లు చేస్తున్నాడు. "ఒరేయ్, నేను తాగలేదురా. దానికో పేరుంది, ఉండు..." అని నా వైపు తిరుగుతాడు. ఆ పేరు ఆయనకి నోరు తిరగదు. నేను చెబితే నమ్మకం లేదు, సరిగ్గా రాసి చూపించమంటాడు.

స్పెల్లింగ్ కోసం వెతకాల్సి వచ్చింది. కిందే ఇంకో జబ్బు కనబడింది. లక్షణాలు చదివాను. అచ్చం వదినవే!

సరే. రేపటి నుంచి.