శాంతయ్య పేరున ఒక పాట

04-06-2007, సోమవారం
గద్వాల, నాగర్‌కర్నూల్ జానపద సేకరణ సెంటర్ల క్యాసెట్లలోని పాటలు కూడా మా వనపర్తి కంప్యూటర్‌లోకి వచ్చేశాయి. ఇకమీదట మూడు చోట్లా ఒకటే కేటగిరీల లిస్టు: పాట రకం, ఊరు, తేదీ, పాడినవారు. ఏది కొట్టినా నిమిషంలో పాట దొరుకుతుంది. వలస కూలీల పాటలు 612, అన్నీ నేనే ఎక్కించాను. మా సెంటర్ హెడ్ శ్రవణ్ కుమార్ సార్ భేష్ అన్నారు. నాకూ కొంచెం పొగరెక్కింది.

11-06, ఉదయం
పాన్‌గల్ నుంచి ఏసమ్మ అనే కూలి మనిషి వచ్చింది, చంకలో కూతురు కృపతో. డ్యాం పని కాడ మా ఆయన శాంతయ్య పాడితే మీ సార్లు టేపు పట్టిండ్రంట, జర వినిపియ్యుండ్రి మేడం అంది. 2005 నవంబరులో పనిలోనే మీద బండరాయి పడి చనిపోయాడట. అప్పటికి కృప కడుపులో ఉంది. నాయిన గొంతు బిడ్డ ఒక్కసారి వింటే సాలు అంది.
శాంతయ్య అని కొట్టాను. ఫలితాలు: 0.

మధ్యాహ్నం 3
ఎందుకో నాకు తెలుసు. క్యాసెట్ల మీద గుంపు మేస్త్రీ పేరే ఉండేది. మా వైపు కూలీలకు విడిగా పేర్లెక్కడివి, వెంకటయ్య గుంపు, హన్మంతు గుంపు అనే అంటాం. నేనూ 'పాడినవారు' గడిలో మేస్త్రీ పేరే కొట్టుకుంటూ పోయాను. అసలు పేర్లు లోపలి చీటీల్లో ఉండేవి. పని అయ్యాక వాటిని చించి పారేసింది నేనే.
శాంతయ్యది వెంకటయ్య గుంపు అని ఏసమ్మే చెప్పింది. వెంకటయ్య అని కొడితే ఫలితాలు: 214.
మేస్త్రీకి ఫోన్ చేశాను. ఎవడేం పాడిండో నాకేం యాదికుంటది అన్నాడు.
నా చేతులు విరిగిపోను.

12-06
ఏసమ్మ కూలి మానుకుని వచ్చింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇరవై పాటలు వింది. ఈన గాదు. ఈన గాదు.

18-06
నూట ముప్పై. ఈన గాదు.

20-06
ఇవాళ ఏసమ్మ హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టేసింది. ఆయన గొంతు ఎట్లుంటదో నాకే యాదికొస్తలేదు మేడం అంది. నాకు ఏడుపొచ్చింది. ఈన గాదు అని దాటేసిన పాటల్లోనే శాంతయ్య పాట పోయిందేమో.

22-06
209వ పాట దగ్గర లేచి నిలబడింది. గీయనే మేడం, గీయనే అంది. హెడ్‌ఫోన్స్ కృప చెవులకు పెట్టింది. కృప నవ్వింది.
స్క్రీన్ మీద ఆ పాట టేపు పట్టిన తేదీ 14-02-2006. శాంతయ్య పోయిన మూడు నెలలకు. తేదీలు మాత్రం నేను తప్పు కొట్టను.
ఏసమ్మకు చదువు రాదు. నేను నోరు మెదపలేదు.

23-06
ఆ పాటకు వెంకటయ్య తీసేసి శాంతయ్య అని కొట్టాను. సేవ్ చేశాను. ఇక మూడు ఊళ్ళలోనూ దొరుకుతుంది.
ఫలితాలు: 1.